గాలికి హద్దురాళ్లు: చాటింపు నుంచి సంగం రేడియో దాకా

రేడియో రాకముందు మన ఊళ్లల్లో ప్రసారం లేదనుకోవడం పొరపాటు. ఉంది. ఆ పని మాదిగలది. శిస్తు కట్టే గడువు, జాతర తేదీ, గొడ్లకు రోగం వచ్చిన సంగతి, దొర పిలుపు, ఇవన్నీ డప్పు కొట్టి వాడవాడా తిరిగి చెప్పింది మాదిగలే. దాన్నే చాటింపు అన్నాం, దండోరా అన్నాం. గొంతు మాదిగది, తోలు మాదిగది, నడిచే కాళ్లు మాదిగవి. మాట మాత్రం మాదిగది కాదు. తన వాడకు తాగే నీళ్లు లేవని తనంతట తాను చాటింపు వేసే వీలు అతనికి లేదు. 1994లో మాదిగ దండోరా ఉద్యమం ఆ పేరు పెట్టుకున్నప్పుడు తిరగబడింది ఈ ఏర్పాటు మీదనే. మొదటిసారి డప్పు తన సొంతదారుడి మాట చెప్పింది.

ఈ వ్యాసం డప్పు గురించి కాదు, రేడియో తరంగాల పంపకం గురించి. కానీ అక్కడి నుంచి మొదలుపెట్టడానికి కారణముంది. తరంగాల చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా ఇంజనీర్లు, ఆర్థికవేత్తలు, లాయర్లు. వాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: ప్రభుత్వం దగ్గరుండాలా, మార్కెట్టుకు పోవాలా? మాట్లాడే హక్కు ఎవరిది, చాటే చాకిరీ ఎవరిది అన్న ప్రశ్న వాళ్లకు రాదు. మనకు అదే మొదటి ప్రశ్న.

ముందు విషయం సాదాగా చెప్పుకుందాం. ఒకే ప్రాంతంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ప్రసారం చేస్తే ఇద్దరిదీ సరిగ్గా వినపడదు. అందుకని ఎవరో ఒకరు పంచాలి. ఈ పంచేదాన్నే స్పెక్ట్రం అంటున్నారు. ఇది భూమి లాంటిదే కానీ ఒక తేడా ఉంది. భూమి వాడితే సారం తగ్గుతుంది, తరంగం వాడితే తరగదు. ఇవాళ వాడకుండా అట్టిపెట్టుకున్న తరంగం ఇవాళ్టికి వృథా అయినట్టే, రేపటికి మిగలదు. కాబట్టి బీడు పెట్టుకుని కూర్చున్న భూస్వామి కంటే, తరంగాలను బీడు పెట్టుకున్న ప్రభుత్వానికి సాకు ఇంకా తక్కువ.

ఆ బీడు ఎట్లా ఏర్పడిందో చూద్దాం. 1885 ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం నాలుగో సెక్షను టెలిగ్రాఫుల మీద సర్వహక్కులూ ప్రభుత్వానివే అన్నది. అప్పటికి రేడియో పుట్టనే లేదు. తెల్లదొర తీగల గురించి రాసుకున్న మాటను తర్వాత తీగలేని వాటికీ వర్తింపజేశారు. అది చాలదని 1933లో ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తెచ్చారు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమైంది. మాట్లాడడం సరే, వినడానికి కూడా అనుమతి కావాలి. 1927లో రేడియో సెట్టుకు ఏడాదికి 10 రూపాయల లైసెన్సు ఫీజు. ఆ రోజుల్లో జీతగాడు 10 రూపాయలు కళ్లజూడాలంటే ఎంత కష్టమో మన తాతలను అడిగితే తెలుస్తుంది.

1927 అన్నాను కదా, ఆ ఏడాది దగ్గర కొంచెం ఆగాలి. జూలై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ స్టేషను మొదలైంది. మన దేశ ప్రసార చరిత్ర రాసినవాళ్లందరికీ అది పండగ తేదీ. అదే బొంబాయి రాష్ట్రంలో దానికి నాలుగు నెలల ముందు, మార్చి 20న, బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచి మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగారు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి రాసిన ప్రసార చరిత్ర నా కంట పడలేదు. పెట్టాలి. ఎందుకంటే మహద్ కథ అంతా, కాగితం మీద అందరిదైనది వాడుకలో కొందరిదే ఎట్లా అవుతుందన్న కథ. 1923లోనే బొంబాయి శాసనమండలి బోలే తీర్మానం చేసి ప్రభుత్వ ఖర్చుతో కట్టిన చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్లకు తెరవాలన్నది. మహద్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. అయినా ఒక్కరు దిగలేకపోయారు. దిగిన రోజు దెబ్బలు తిన్నారు. సవర్ణులు చెరువును మంత్రాలతో శుద్ధి చేసుకుని, అది తమ సొంతమని కోర్టుకెక్కారు. చివరికి 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆ చెరువు మునిసిపాలిటీదేననీ, అంటరానివాళ్లను దూరం పెట్టే అనాది ఆచారం రుజువు కాలేదనీ తీర్పిచ్చింది. దిగిన నాటికీ తీర్పు నాటికీ మధ్య పదేళ్లు. ఈ పదేళ్లు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాయి.

బొంబాయి కంపెనీ 1930లో దివాలా తీసింది. ప్రభుత్వం తీసుకుంది. 1936లో ఆలిండియా రేడియో పేరు పెట్టారు. హైదరాబాద్ సంస్థానంలో ఒక ప్రైవేటు స్టేషనును 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుని డెక్కన్ రేడియో నడిపింది. ప్రధానంగా ఉర్దూ. జనంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు దక్కింది చిన్న వాటా. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. విజయవాడ స్టేషను 1948 డిసెంబరులో వచ్చింది. అప్పుడైనా మన తెలుగు వినపడిందా? రేడియో తెలుగు అని ఒకటి తయారైంది. సర్కారు జిల్లాల పై కులాల ఇళ్లల్లోని తెలుగుకు కాస్త పుస్తకాల మెరుగు పెట్టిన భాష అది. తెలంగాణ రైతు అందులో నవ్వించే పాత్రగానే తప్ప తన యాసలో పంట సంగతి చెప్పే మనిషిగా రావడం అరుదు.

ఏ గొంతు గాలిలోకి పోవాలన్నది అప్పుడు కూడా పెద్ద తగవే. సమాచార శాఖ సర్దార్ పటేల్ చేతిలో ఉన్న రోజుల్లో, వ్యక్తిగత జీవితం సరిగా లేదన్న ముద్ర పడిన స్త్రీలను రేడియో పాటల నుంచి తీసేశారు. తరతరాలుగా పాటను కాపాడిన వేశ్యాకులాల స్త్రీలను బయటికి పంపి, వాళ్ల పాటను లోపల ఉంచుకున్నారన్నమాట. 1952 నుంచి పదేళ్లు మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ సినిమా పాటలను పక్కకు నెట్టి శాస్త్రీయ సంగీతాన్ని పెట్టాడు. జనం మీట తిప్పి సిలోన్ రేడియో పట్టుకున్నారు. బాబాసాహెబ్‌కు కూడా ఆ మైకు దగ్గర దొరికింది కొద్ది నిమిషాలే. 1954 అక్టోబరు 3న తన తత్వం గురించి ఆలిండియా రేడియోలో మాట్లాడారు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుడి నుంచి తీసుకున్నానని చెప్పింది ఆ ప్రసంగంలోనే.

మా నాయనమ్మ ఒక సంగతి చెప్తుండేది. పంచాయతీ ఆఫీసులో రేడియో పెట్టినప్పుడు మా వాడవాళ్లు అరుగు కింద, రోడ్డు మీద నిలబడి వినేవాళ్లట. లోపల కూర్చున్నవాళ్లకు బోరు కొట్టినప్పుడు రేడియో కట్టేసేవాళ్లు. బయటివాళ్లకు పాట సగంలో ఆగేది. మీట లోపలివాళ్ల దగ్గర ఉంది. అందరి రేడియో అంటే మాకు తెలిసిన అర్థం ఇదీ.

ఎమర్జెన్సీలో రేడియో ఇందిరాగాంధీ గొంతయ్యాక జనతా ప్రభుత్వం వర్గీస్ కమిటీ వేసింది. 1978లో ఆ కమిటీ ఆకాశభారతి పేరుతో స్వతంత్ర ట్రస్టు పెట్టమన్నది. పెట్టలేదు. ప్రసారభారతి చట్టం 1990లో చేసి, అమలు 1997 దాకా నాన్చారు. ఈ మధ్య కాలంలోనే కారంచేడు (1985), చుండూరు (1991) జరిగాయి. మన మనుషుల్ని నరికిన రోజున మన చేతిలో ఒక్క ట్రాన్స్‌మిటర్ లేదు. వార్త కరపత్రంగా తిరిగింది, పాటగా తిరిగింది, డప్పు మీద తిరిగింది.

ఇక అందరూ చెప్పుకునే తీర్పు. అది పుట్టింది క్రికెట్ తగాదాలో. 1993 నవంబరులో బెంగాల్ క్రికెట్ సంఘం ఒక టోర్నమెంటు పెట్టి ప్రసార హక్కులు విదేశీ కంపెనీకి ఇచ్చింది. దూరదర్శన్‌కు కోపం వచ్చింది, కంపెనీ పరికరాలను కస్టమ్స్ వాళ్లు ఆపారు. ఆ కేసులో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఆ బెంచి. వాయు తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రభుత్వ గుత్తాధిపత్యం నుంచి తప్పించి, సమాజంలోని అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం ఉండే స్వతంత్ర సంస్థకు అప్పగించాలి అన్నారు. జీవన్‌రెడ్డి విడిగా రాసిన తీర్పును మనవాళ్లు తప్పక చదవాలి. భావస్వేచ్ఛ పేరుతో ఎవరికి వాళ్లు స్టేషను పెట్టుకునే హక్కు రాదనీ, అట్లా వదిలేస్తే గాలి కొద్దిమంది డబ్బున్నవాళ్ల పాలవుతుందనీ ఆయన హెచ్చరించాడు. గుత్తాధిపత్యం రెండు రకాలని ఆ తీర్పుకు తెలుసు. సర్కారుకు ఒకటే వినపడింది. అమ్మకానికి పెట్టవచ్చన్నది వినపడింది.

1999లో 40 నగరాల్లో 108 ఎఫ్ఎం ఫ్రీక్వెన్సీలను వేలం వేశారు. 2001 జూలైలో బెంగుళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం మోగింది. లైసెన్సు ఫీజులు భరించలేకపోతున్నామని కంపెనీలు మొత్తుకుంటే 2005లో రెండో దశలో ఆదాయంలో 4 శాతం వాటాకు మార్చారు. నష్టం వచ్చిందని కంపెనీ ఏడిస్తే చట్టం ఎంత త్వరగా వంగుతుందో చూడండి.

అదే కాలంలో జహీరాబాద్ దగ్గర ఏం జరుగుతోంది? ఉమ్మడి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి మహిళా సంఘాలతో పనిచేస్తోంది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, చెల్కల మీద జొన్నలు, కొర్రలు, సాములు, కందులు కలిపి పండించేవాళ్లు. రేడియోలో రైతుల కార్యక్రమం వాళ్లకు ఎరువుల గురించి, సంకర విత్తనాల గురించి చెప్పింది. వాళ్ల పంట గురించి, వాళ్ల మాటలో చెప్పలేదు. మాకు మా రేడియో కావాలని సంఘాలు అడిగాయి. యునెస్కో సాయంతో 1998 నాటికి మాచనూరులో స్టూడియో, చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ సిద్ధమయ్యాయి. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు రికార్డింగు, ఎడిటింగు నేర్చుకున్నారు. అంతా ఉంది, అనుమతి లేదు. దరఖాస్తు పెడితే తిప్పికొట్టారు.

వాళ్లేం చేశారంటే, ట్రాన్స్‌మిటర్‌ను అట్లాగే ఉంచి క్యాసెట్ల మీద కార్యక్రమాలు చేశారు. విత్తనం దాచే పద్ధతి, మందుమొక్కలు, ఆడవాళ్ల కూలి, పెళ్లి పాటలు, నాట్ల పాటలు. ఆ క్యాసెట్లను సంఘం మీటింగులకు మోసుకుపోయి టేపురికార్డర్లో వినిపించారు. గాలిలో పోవాల్సిన మాటను మళ్లీ కాలినడకన పంపించాం. నూరేళ్ల తర్వాత కూడా చాటింపే. తేడా ఏమిటంటే ఈసారి మాట వాళ్లదే.

2000 జూలైలో పస్తాపూర్‌లో కమ్యూనిటీ రేడియో మీద సదస్సు జరిగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వినోద్ పావరాల లాంటి అధ్యాపకులు ఈ ఉద్యమంతో నిలబడ్డారు. సర్కారు నడిపేది ఒకటి, కంపెనీ నడిపేది రెండు, జనం నడిపేది మూడోది, తరంగాల్లో ఈ మూడో రకానికి వాటా కావాలన్నది ఆ ప్రకటన సారం. నేపాల్ 1997లోనే రేడియో సాగర్‌మాథాకు అనుమతి ఇచ్చింది. అక్కడ రాజుగారున్నారు, ఇక్కడ ప్రజాస్వామ్యం ఉంది. ఇక్కడ దొరకలేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2002 అక్టోబరులో పొదుపు సంఘాల ఆడవాళ్లు మన రేడియో పేరుతో చిన్న స్టేషను మొదలుపెడితే, 2003 ఫిబ్రవరిలో లైసెన్సు లేదని మూయించారు. బీహార్ వైశాలి జిల్లాలో ఒక రిపేరు షాపు కుర్రాడు అతి తక్కువ ఖర్చుతో నడిపిన స్టేషనుకు 2006లో అదే గతి పట్టింది. కోలారు జిల్లా బూదికోటలో నమ్మధ్వని వాళ్లు తెలివిగా కేబుల్ తీగ మీద నడిపారు, తరంగం జోలికి పోకుండా. ప్రజల ఆస్తిని ముట్టకుండా ఉంటేనే ప్రజలు మాట్లాడగలిగారు.

ముందు చదువుకున్నవాళ్లకు తెరిచారు. 2002 చివర్లో విద్యాసంస్థలకు అనుమతి ఇస్తామన్నారు, 2004 ఫిబ్రవరిలో అన్నా విశ్వవిద్యాలయం స్టేషను వచ్చింది. ఊరి సంఘాలకు 2006 నవంబరులో గానీ తలుపు తెరుచుకోలేదు. ఆ తలుపు ఎత్తు చూడండి. సంస్థ రిజిస్టరై మూడేళ్లు నిండాలి. 100 వాట్ల శక్తి, 30 మీటర్ల టవరు దాటకూడదు. సమాచార శాఖకు దరఖాస్తు, హోంశాఖ, రక్షణశాఖల క్లియరెన్సు, ఫ్రీక్వెన్సీ కోసం టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం దగ్గరికి, టవరు జాగాకు ఇంకో కమిటీ దగ్గరికి, తర్వాత ఒప్పందం, ఆపైన ఆపరేటింగ్ లైసెన్సు. డబ్ల్యూపీసీ 1952 నుంచి ఉన్న విభాగం, దేశంలో ఏ తరంగం ఎవరికన్నది తేల్చేది అదే. మాచనూరు ఎక్కడ, ఢిల్లీ ఎక్కడ! ఈ కాగితాలు ఇంగ్లీషులో నింపగలిగే మనిషి సంస్థలో ఉండాలి. ఉన్నవాళ్లు ఎవరో వేరే చెప్పాలా? స్టేషన్లలో పెద్ద భాగం విద్యాసంస్థల చేతిలో ఉండడానికి కారణం వెతకనక్కర్లేదు.

సంగం రేడియో 2008 అక్టోబరు 15న గాలిలోకి పోయింది. 90.4 మెగాహెర్ట్జ్, రాత్రి 7 నుంచి 9 దాకా. మీట నొక్కింది జస్టిస్ సావంత్. తీర్పు రాసిన మనిషే, అప్పటికి రిటైరై, మాచనూరు దాకా వచ్చి ప్రారంభించాడు. ట్రాన్స్‌మిటర్ తయారైన నాటికీ మోగిన నాటికీ మధ్య పదేళ్లు. చౌదార్ చెరువుకు పట్టినంత.

అదే 2008 జనవరి 10న ఢిల్లీలో ఏం జరిగిందో దేశమంతా తెలుసు. 2001 నాటి ధరకు, ముందొచ్చినవాళ్లకు ముందు అని చెప్పి 122 టెలికాం లైసెన్సులకు అనుమతి ఒక్క పూటలో పంచారు. కాగ్ 2010లో 1.76 లక్షల కోట్ల నష్టమని అంచనా కట్టింది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ లైసెన్సులు రద్దు చేసింది. మంత్రి ఎ. రాజా దళితుడు. దళితుడు కాబట్టే వేటాడుతున్నారని కరుణానిధి అన్నారు. 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు రాజాతో సహా నిందితులందరినీ నిర్దోషులన్నది, 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సీబీఐ అప్పీలును విచారణకు తీసుకుంది. మంత్రి కులం చూసి మాఫీ చేయమని నేను అనను. పంపకం సక్రమంగా జరగలేదని సుప్రీంకోర్టే అన్నది. కానీ ఆ గొడవ మొత్తంలో, పేపర్లలో గానీ టీవీల్లో గానీ, ధర ఎంత అన్న ప్రశ్న తప్ప వాటా ఎవరికి అన్న ప్రశ్న రాలేదు. లైసెన్సులు పొందిన కంపెనీల యజమానుల కులం ఎవరికీ గుర్తు రాలేదు, సంతకం పెట్టినవాడి కులం అందరికీ గుర్తొచ్చింది.

ఆ దెబ్బతో వేలమే నీతి అన్న వాదం గట్టిపడింది. సుప్రీంకోర్టే 2012 సెప్టెంబరులో రాష్ట్రపతి అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ, సహజ వనరులు పంచడానికి వేలం ఒక్కటే మార్గం కాదన్నది. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అదే ఏడాది కమ్యూనిటీ రేడియో స్పెక్ట్రం ఫీజును 19,700 నుంచి 91,000 రూపాయలకు పెంచారు. స్టేషన్లు గగ్గోలు పెట్టాక వెనక్కి తీసుకున్నారు. లక్షల కోట్ల లెక్క తప్పిన సర్కారు, జొన్నరొట్టె తిని రేడియో నడిపేవాళ్ల దగ్గర వసూలు చేద్దామనుకుంది!

జాగా లేదు అనే మాట అధికారులు తరచూ అంటారు. దీన్ని లెక్కతో చూడాలి. ఎఫ్ఎంకు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా, అంటే 20 మెగాహెర్ట్జ్ ఉంది. ఒక స్టేషనుకు కావలసిన వెడల్పు దాదాపు 200 కిలోహెర్ట్జ్. మన దేశంలో ఒకే నగరంలో స్టేషనుకూ స్టేషనుకూ మధ్య 800 కిలోహెర్ట్జ్ వదులుతారు. దాన్ని 400కు తగ్గించవచ్చని, అట్లా చేస్తే స్టేషన్లు దాదాపు రెట్టింపవుతాయని ట్రాయ్ 2012లో సిఫారసు చేసింది. పైగా 100 వాట్ల స్టేషను గొంతు పది, ఇరవై కిలోమీటర్లు దాటదు కాబట్టి అదే ఫ్రీక్వెన్సీని కొంచెం దూరంలో ఇంకో ఊరికి ఇవ్వవచ్చు. 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వదిలారు. ఇవాళ వైఫైలో చాలా భాగం దానిమీదే నడుస్తోంది. హద్దులు లేకుండా చిన్న శక్తితో కలిసి వాడుకుంటే గాలి పాడు కాదని దానితోనే రుజువైంది. జాగా లేకపోవడం ప్రకృతి ధర్మం కాదు, గెట్లు వేసిన పద్ధతి వల్ల వచ్చింది.

2023 డిసెంబరులో టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. 1885, 1933 చట్టాల స్థానంలో ఇది. ప్రజల తరఫున కేంద్ర ప్రభుత్వమే స్పెక్ట్రం యజమాని అని ఇందులో రాశారు. వేలం మామూలు పద్ధతి, షెడ్యూలులో పేర్కొన్న అవసరాలకు మాత్రం వేలం లేకుండా కేటాయింపు. వాడకుండా పెట్టుకున్న స్పెక్ట్రం వెనక్కి తీసుకునే, పంచుకునే, అద్దెకిచ్చే వీలు కూడా ఉంది. ఇది మంచి మార్పే, కాదనను. బీడు భూమి స్వాధీనం లాంటిదే. కానీ స్వాధీనం చేసుకున్నది ఎవరికి ఇస్తారు? భూసంస్కరణల చట్టాల్లో మిగులు భూమిలో దళితులకు ఇంత అని పేరుపెట్టి రాయించుకోవడానికి ఎంత పోరాడామో మనకు తెలుసు. తరంగాల్లో ఆ పేరే లేదు. ప్రజల తరఫున యజమాని అన్నప్పుడు ప్రజలంటే ఎవరెవరో విడదీసి రాయకపోతే, చౌదార్ చెరువు కూడా ప్రజలదేనని గుర్తుచేయాల్సి వస్తుంది. సమాచార శాఖ ఇచ్చే కమ్యూనిటీ రేడియోల జాబితాలో సంస్థ పేరు, చిరునామా, ఫ్రీక్వెన్సీ ఉంటాయి. ఏ సమాజానికి ఎన్ని ఉన్నాయో తెలిపే గడి అందులో లేదు. దేశంలో సుమారు 500 స్టేషన్లకు చేరాం. అందులో దళితుల చేతిలో ఎన్ని ఉన్నాయో చెప్పగలిగే లెక్క ప్రభుత్వం వేయాలి, ప్రచురించాలి.

2024 ఫిబ్రవరిలో కమ్యూనిటీ రేడియో నిబంధనలు సవరించారు. అనుమతి కాలం పదేళ్లయింది, గంటకు 12 నిమిషాలు ప్రకటనలు వేసుకోవచ్చన్నారు. వార్తల మీద నిషేధం అట్లాగే ఉంచారు. ఆకాశవాణి వార్తలను ఉన్నది ఉన్నట్టు ఇవ్వవచ్చు, సొంతంగా వార్త చెప్పకూడదు. ప్రైవేటు ఎఫ్ఎంలకు 2011లో ఇచ్చిన విధానంలో వార్త కానివాటి జాబితా ఉంది: వాతావరణం, ట్రాఫిక్, పండగలు, పరీక్షలు, ఉద్యోగాలు, కరెంటు కోత, నీళ్ల సరఫరా. ఆ జాబితా ప్రకారం నల్లాలో నీళ్లెప్పుడొస్తాయో చెప్పవచ్చు. ఆ నల్లా దగ్గర మన ఆడమనిషిని కొట్టారంటే అది వార్త.